ప్యాచ్‌ల కోసం నెలకో పూట ఇవ్వండి: హైదరాబాదు ఆఫీసుల అధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యాలయాధిపతులకు, పరిపాలనాధికారులకు, ఐటీ ఖర్చుల ఫైళ్ల మీద సంతకం చేసే పెద్దలందరికీ,

నమస్కారం. నాంపల్లి, లక్డీకాపూల్, అబిడ్స్, అమీర్‌పేట, సికింద్రాబాదు... ఆఫీసు ఎక్కడిదైనా అక్కడి కంప్యూటర్లు నడిచేలా చూసుకునే సిస్టమ్ అడ్మిన్లం, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కింద వచ్చే ఫీల్డ్ ఇంజినీర్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఏడాదిగా మేము అడుగుతున్నది ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లోని భద్రతా కంతలను పూడ్చే అప్‌డేట్లు, అంటే సెక్యూరిటీ ప్యాచ్‌లు వేసి మెషీన్లను రీస్టార్ట్ చేయడానికి నెలకు ఒక పూట కేటాయిస్తూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. కొందరు "చూద్దాం" అన్నారు. చాలామంది దగ్గర్నుంచి జవాబే రాలేదు. వినతిపత్రాలు బుట్టదాఖలయ్యాయి కాబట్టి ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాం.

అప్‌డేట్ అంటే ఎవరి మెషీన్‌లో వాళ్లు ఒక బటన్ నొక్కితే అయిపోయే పని అని మీలో చాలామంది అనుకుంటున్నారు. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ విషయంలో అది నిజమే. ఒకే ఇంటర్నెట్ లైను మీద 120 మెషీన్లు నడిచే ఆఫీసులో లెక్క వేరు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. మన గడియారంలో అది రాత్రి పదిన్నర, అమెరికాలో చలికాలపు వేళలు నడిచేటప్పుడు పదకొండున్నర. అంటే మన ఆఫీసుల్లోకి అవి దిగేది బుధవారం పొద్దున, సరిగ్గా కౌంటర్లు తెరిచే వేళకు. ఒక్కో మెషీన్‌కు 700 ఎంబీ అనుకున్నా 120 మెషీన్లకు 84 జీబీ. 50 ఎంబీపీఎస్ లైను మొత్తం దానికే ఇచ్చేసినా మూడు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఆ సేపూ పోర్టల్ తెరుచుకోదు, కౌంటర్ ముందు జనం నిలబడే ఉంటారు. మెషీన్లన్నీ నేరుగా ఇంటర్నెట్ నుంచి దించుకుంటున్న ఆఫీసుల్లో నెలనెలా జరిగేది ఇదే.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. ఆఫీసులోనే ఒక సర్వర్ మీద డబ్ల్యూఎస్‌యూఎస్ (మెషీన్లకు ప్యాచ్‌లు పంచే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) పెడితే ప్యాచ్ బయటి నుంచి ఒక్కసారే దిగుతుంది, రెండు నిమిషాల్లో. మిగతా పంపకమంతా లోపలి నెట్‌వర్క్‌లో, 8530 లేదా 8531 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) మీద జరిగిపోతుంది. సర్వర్ పెట్టే స్తోమత లేని చిన్న ఆఫీసులో విండోస్‌లోనే ఉన్న డెలివరీ ఆప్టిమైజేషన్ వాడుకోవచ్చు. 7680 పోర్టు తెరిచి ఉంచితే పక్క మెషీన్ దించుకున్న ముక్కలనే ఈ మెషీన్ తీసుకుంటుంది. డబ్ల్యూఎస్‌యూఎస్‌కు కొత్త హంగులేవీ చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది గానీ, అది ఇప్పటికీ పనిచేస్తుంది, సపోర్టూ ఉంది. డబ్బున్న ఆఫీసులు మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ సేవ ఇన్‌ట్యూన్‌కు మారవచ్చు. పని ఏ దారిన చేసినా మాకు సమ్మతమే. దారి లేకుండా వదిలేయడమే మా బాధ.

అసలు సమస్య మాత్రం రీస్టార్ట్ దగ్గర ఉంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు.

విండోస్ నెలవారీ ప్యాచ్ దిగి, ఇన్‌స్టాల్ అయి, "రీస్టార్ట్ చేయాలి" అని అడుగుతూ ఆగిపోయిందంటే ఆ మెషీన్‌లో పాత ఫైళ్లే నడుస్తున్నట్టు. కంత ఇంకా పూడలేదు. రిపోర్టులో మాత్రం "అప్రూవ్ చేశాం" అని కనబడుతుంది, పై అధికారికి అదే వెళుతుంది. "రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే వెళుతున్నాం కదా" అని సిబ్బంది అంటారు. వాళ్ల తప్పేమీ లేదు. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. అది ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో మెషీన్ పూర్తిగా ఆగదు, లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుని పొద్దున్నే దాన్నే మళ్లీ పైకి తెస్తుంది. దానివల్ల పెండింగులో ఉన్న ప్యాచ్ పెండింగులోనే ఉండిపోవచ్చు. రీస్టార్ట్ కొడితే పని పూర్తవుతుంది. లేదా గ్రూప్ పాలసీతో (మెషీన్లన్నిటికీ ఒకేచోట నుంచి సెట్టింగు పెట్టే పద్ధతి) అన్ని మెషీన్లలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. ఆపడం పది నిమిషాల పని, అనుమతి రావడానికే నెలలు పడుతోంది.

ఇక సాయంత్రం అయిదున్నరకు ఏం జరుగుతుందో ఒకసారి మీరే మీ సెక్షన్లోకి వెళ్లి చూడండి. తెర మీద నీలం రంగు, మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి, "27 శాతం పూర్తయింది, కంప్యూటర్ ఆపకండి" అని ఉంటుంది. పాత 500 జీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ అది. ఆ 27 దగ్గరే ముప్పావు గంట నిలబడుతుంది. గదులకు తాళం వేయాల్సిన అటెండరు ఎంతసేపని చూస్తాడు? గోడ మీది స్విచ్ ఆపేస్తాడు. తెల్లారి ఆ మెషీన్ "మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం" అంటూ మరో గంట తింటుంది. సిస్టమ్ ఫైళ్లు పాడైతే అసలు పైకే రాదు. వానాకాలపు కరెంటు కోతలూ ఇదే పని చేస్తాయి, ఎందుకంటే బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్ ఒక్క నిమిషం కూడా ఆగదు. హార్డ్ డిస్క్ తీసి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ పెడితే ఇదే ప్యాచ్ పావుగంటలో ముగుస్తుంది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ షాపులోనైనా దొరికే సరుకే అది. కొత్త కంప్యూటర్ల ప్రతిపాదన మూడేళ్లు తిరిగే లోపు, అందులో చిన్న వంతు ఖర్చుతో ఉన్న మెషీన్లనే నిలబెట్టవచ్చు.

"అప్‌డేట్ వేస్తే ఉన్నది చెడిపోతుంది, కాబట్టి ఆపేయండి" అన్న నోటిమాట ఉత్తర్వులు 2024 జూలై తర్వాత బాగా పెరిగాయి. భయం ఎక్కణ్నుంచి వచ్చిందో మాకు తెలుసు. ఆ నెల 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లను నీలి తెరకు (మెషీన్ కుప్పకూలినప్పుడు వచ్చే తెర) తెచ్చింది. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అయితే ఆ రోజు జరిగింది సరిగా అర్థం చేసుకోవాలి. అది విండోస్ ప్యాచ్ కాదు. ఆ ఫైలు మన సమయం ప్రకారం ఉదయం 9:39కి విడుదలైంది, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లోనే అంత నష్టం జరగడానికి కారణం, దాన్ని ముందు కొద్దిమందికి పంపి చూడకుండా అందరికీ ఒకేసారి పంపడం. బాగుచేయడానికి ఒక్కో మెషీన్ దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కావాల్సి వచ్చింది. కాబట్టి ఆ రోజు నుంచి నేర్చుకోవాల్సింది విడతలవారీగా పంపాలని, రికవరీ కీలు ఒకచోట భద్రపరచాలని. ప్యాచ్‌లు మానేయాలని కాదు.

మానేస్తే ఏమవుతుందో 2017లోనే చూశాం. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ వెర్షన్ 1లోని కంతకు మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వన్నాక్రై మే 12న విరుచుకుపడింది. మధ్యలో 59 రోజులు ఉన్నాయి. ఆ 59 రోజుల్లో ప్యాచ్ వేసి రీస్టార్ట్ చేసిన మెషీన్‌లోకి 445 పోర్టు గుండా అది పాకలేకపోయింది. వేయనివి తాళం పడ్డాయి. పొరుగున ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ ఆ దెబ్బ తగిలింది. బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఆఫీసుల్లో పాత జిరాక్స్ మెషీన్ స్కాన్ చేసిన కాగితాన్ని షేర్డ్ ఫోల్డర్లో వేయాలంటే ఎస్‌ఎంబీ వెర్షన్ 1 ఉండాల్సిందే అని దాన్ని తెరిచే ఉంచుతున్నారు. స్కాన్‌ను ఈమెయిల్‌కో, ఎఫ్‌టీపీకో మళ్లిస్తే సరిపోయేదానికి తలుపు బార్లా తీసి పెట్టడం ఏం న్యాయం?

ప్యాచ్‌ల వల్ల చిక్కులు రావని మేము అనడం లేదు. 2021 మార్చిలో ప్రింట్ కొడితే నీలి తెర వచ్చింది. అదే ఏడాది విండోస్ ప్రింటింగ్‌లోని ప్రింట్‌నైట్‌మేర్ అనే కంతను పూడ్చే ప్యాచ్‌ల తర్వాత, సెప్టెంబరులో నెట్‌వర్క్ ప్రింటర్లు '11బీ' లోపంతో ఆగిపోయాయి. 2022 జనవరిలో ఆఫీసు లాగిన్లన్నీ చూసుకునే సర్వర్లు, అంటే డొమైన్ కంట్రోలర్లు వాటంతట అవే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యాయి. ఈ మూడు సందర్భాల్లోనూ ముందు నాలుగు మెషీన్లలో వేసి చూసిన ఆఫీసు నాలుగు మెషీన్లతో బయటపడింది. అందరికీ ఒకేసారి తోసినచోట ఆఫీసు మొత్తం ఆగింది.

ఇప్పుడు ఈ నిర్లక్ష్యం ఎవరి మీద పడుతోందో చెబుతాం.

1. కౌంటర్ ముందు నిలబడిన మనిషి మీద. ఆదాయ ధ్రువపత్రం కోసమో, కుల ధ్రువపత్రం కోసమో కూలి మానుకుని వచ్చినవాళ్లకు "సిస్టమ్ అప్‌డేట్ అవుతోంది, రేపు రండి" అంటే ఇంకో రోజు కూలి పోయినట్టే. అడ్మిషన్ గడువు ముందు రోజున ఆ మాట విన్న విద్యార్థికి సీటే పోవచ్చు.

2. పింఛనుదారుల మీద. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర వేయడానికి వచ్చిన పెద్దాయన వేలిలో లోపమేమీ ఉండదు. బయోమెట్రిక్ పరికరానికి ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ ఆ మెషీన్‌లో నడుస్తూ ఉండాలి. అప్‌డేట్ తర్వాత యాంటీవైరస్ దాన్ని ఆపేసినా, పరికరం డ్రైవర్ మారిపోయినా వేలిముద్ర పడదు. ముందుగా ఒక మెషీన్‌లో వేసి చూసి ఉంటే ఇది పది నిమిషాల్లో తేలేది. వేసి చూడలేదు కాబట్టి ఆయన నాలుగుసార్లు వేలు తుడుచుకుని, ఆటో ఎక్కి వెనక్కి వెళ్లాలి.

3. సమాచారం మీ దగ్గర ఉన్న ప్రతి ఒక్కరి మీద. ఆధార్ నకళ్లు, బ్యాంకు ఖాతాలు, రోగుల రిపోర్టులు మీ షేర్డ్ ఫోల్డర్లలో ఉన్నాయి. ఒక్క మెషీన్ గుండా రాన్సమ్‌వేర్ దిగితే తాళం పడేది ఆ ఫోల్డర్లన్నిటికీ.

4. చట్టం ముందు మీ మీదే. సైబర్ దాడులను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు వారికి తెలియజేయాలి, 180 రోజుల లాగ్‌లు భద్రంగా ఉంచాలి. ఏ మెషీన్‌లో ఏ ప్యాచ్ ఉందో చెప్పలేని ఆఫీసు ఆరు గంటల్లో ఏం తెలియజేస్తుంది?

కనుక మా డిమాండ్లు ఇవి. ప్రతిదాన్నీ ఎలా అమలు చేయాలో కూడా రాస్తున్నాం, "సాధ్యం కాదు" అనే జవాబు రాకుండా.

1. నెలకో పూట, రాతపూర్వకంగా. ప్యాచ్‌లు వచ్చిన మంగళవారం తర్వాతి శనివారం సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఇవ్వండి. "రెండో శనివారం సెలవే కదా, అప్పుడు చేసుకోండి" అంటున్నారు. క్యాలెండరు చూడండి. చాలా నెలల్లో రెండో శనివారం రెండో మంగళవారం కంటే ముందే వచ్చేస్తుంది. 2025 అక్టోబరులో రెండో శనివారం 11న, ప్యాచ్‌లు 14న. ఆ లెక్కన దాదాపు నెల రోజులు ఆలస్యం. ఆ శనివారం మెషీన్లు ఆన్‌లో ఉంచి, లాక్ చేసి వెళ్లాలని సిబ్బందికి సర్క్యులర్ ఇవ్వండి. తాళాలు వేసే అటెండరుకూ, సెక్యూరిటీ గార్డుకూ ఆ కాగితం విడిగా అందాలి. స్విచ్ ఆపేది వాళ్లే.

2. పరీక్షకు మెషీన్లు. 120 మెషీన్ల ఆఫీసులో అయిదు చాలు, కానీ అవి అయిదు రకాలవి కావాలి: బయోమెట్రిక్ పరికరం ఉన్నది ఒకటి, డిజిటల్ సంతకం టోకెన్ వాడేది ఒకటి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్నది ఒకటి, ట్యాలీ నడిచేది ఒకటి, తెలుగు టైపింగ్ చేసేది ఒకటి. బుధవారం వాటిలో ప్యాచ్ వేస్తాం. రెండు రోజులు మీ సిబ్బందే వాటి మీద మామూలు పని చేయాలి. అన్నీ సరిగా ఉంటే ఆ శనివారం పాతిక మెషీన్లకు, తర్వాతి శనివారం మిగతా అన్నిటికీ. అంటే రెండో పూట కూడా ఒకటి కావాలి, కానీ రెండు గంటలు చాలు.

3. సర్వర్లకు వేరే క్రమం. బ్యాకప్ తీయడమే కాదు, అందులోంచి ఒక ఫోల్డర్ నిజంగా వెనక్కి తెచ్చి చూశాకే ప్యాచ్. రెండు డొమైన్ కంట్రోలర్లుంటే రెండూ ఒకే రాత్రి వద్దు. ఒకదానికి వేశాక కనీసం రెండు రోజుల ఎడం ఉండాలి.

4. అత్యవసర ప్యాచ్‌కు ఫైలు తిరగకూడదు. 2025 అక్టోబరులో ప్యాచ్‌లు పంచే డబ్ల్యూఎస్‌యూఎస్‌లోనే ప్రమాదకరమైన కంత బయటపడింది. 14న వచ్చిన ప్యాచ్ దాన్ని పూర్తిగా పూడ్చలేదని 23న మరొకటి ఇచ్చారు. అలాంటిది వచ్చినప్పుడు 72 గంటల్లోపు వేసే అధికారం ఐటీ బాధ్యుడికి ముందే ఇచ్చి ఉంచండి. ఆ అధికారానికి మూడు సంతకాలు కావాలంటే అది ఉండీ లేనట్టే.

5. విండోస్ 10 సంగతి తేల్చండి. 2025 అక్టోబరు 14తో దాని ఉచిత సపోర్టు ముగిసింది. ఇక దారులు మూడే. మెషీన్ అర్హమైనదైతే విండోస్ 11: ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. అర్హం కాకపోతే డబ్బు కట్టి పొడిగింపు: సంస్థలకు ఒక్కో మెషీన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. రెండో ఏడాది చేరినా మొదటి ఏడాది సొమ్మూ కట్టాల్సిందే, కాబట్టి ఆలస్యం చేసి మిగిల్చేదేమీ లేదు. రెండూ కుదరకపోతే ఆ మెషీన్‌ను నెట్‌వర్క్ నుంచి తీసేయాలి.

6. "అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి" అని ఉంచిన విండోస్ 7 మెషీన్లు. ప్రతి ఆఫీసులోనూ మూలన ఒకటి ఉంటుంది. పేజ్‌మేకర్, పాత అను స్క్రిప్ట్ మేనేజర్, యూనికోడ్ కాని ఆ ఫాంట్లతో టైపు చేసిన ఇరవై ఏళ్ల తెలుగు ఫైళ్లు. విండోస్ 7కు సాధారణ సపోర్టు 2020 జనవరి 14నే అయిపోయింది. ఆ పని విలువైనదే, ఆ డీటీపీ ఆపరేటరు నైపుణ్యం అంతకంటే విలువైనది. మెషీన్‌ను పారేయమని అనడం లేదు. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, వైరస్ స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్ ద్వారా మాత్రమే ఫైళ్లను అటూ ఇటూ పంపండి. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడానికి, ప్రూఫు చూడడానికి ఒక మనిషిని పెట్టండి.

7. లెక్క సరిగా ఉండాలి. ఒక మెషీన్‌ను సిద్ధం చేసి, సిస్‌ప్రెప్ (మెషీన్ సొంత గుర్తింపులను తుడిచే విండోస్ పనిముట్టు) నడపకుండానే దాని డిస్క్‌ను నలభై మెషీన్లలోకి క్లోన్ చేస్తారు. ఆ నలభైకీ అప్‌డేట్ గుర్తింపు సంఖ్య ఒకటే అవుతుంది. డబ్ల్యూఎస్‌యూఎస్ తెర మీద నలభై బదులు ఒకటే కనబడుతుంది, పేరు మాత్రం రోజుకొకటి మారుతుంది. రిజిస్ట్రీలో ఆ పాత గుర్తింపు చెరిపి, అప్‌డేట్ సర్వీసు తిరిగి మొదలుపెడితే మెషీన్లు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. స్టాకు రిజిస్టర్‌లో ఉన్న మెషీన్ల సంఖ్యా, సర్వర్‌లో కనిపించే సంఖ్యా సరిపోయిందని నెలనెలా సంతకం చేసి ఇస్తాం, మీరూ సంతకం చేయండి. నివేదికలో లెక్కపెట్టాల్సింది ఇన్‌స్టాల్ అయి, రీస్టార్ట్ కూడా అయిన మెషీన్లను. ముప్పై రోజులుగా సర్వర్‌కు కనబడని మెషీన్‌ను పేరుతో సహా విడిగా రాయాలి. సీ డ్రైవ్‌లో 20 జీబీ కంటే తక్కువ ఖాళీ ఉన్నవాటినీ అంతే, వాటిలో ప్యాచ్ 80070070 లోపంతో (డిస్క్‌లో చోటు లేదని) మధ్యలో ఆగిపోవచ్చు.

8. విండోస్ ఒక్కటే కాదు. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. 2023లో దానిలోని ఒక కంతను దుండగులు నెలల తరబడి వాడుకున్నారు, ఆగస్టులో వచ్చిన 6.23 వెర్షన్‌తో గానీ పూడలేదు. డబ్ల్యూఎస్‌యూఎస్ దాన్ని మామూలుగా చూడదు. బ్రౌజర్లు, పీడీఎఫ్ రీడర్లు, విన్‌రార్... వీటి జాబితా, వెర్షన్లు మూడు నెలలకోసారి సరిచూసే పనిని ఏఎంసీ ఒప్పందంలో రాయండి. ఇప్పుడున్న ఒప్పందాల్లో మౌస్, కీబోర్డు, ప్రింటర్ రిపేరు ఉన్నాయి. ప్యాచ్ అనే మాటే లేదు. లేని పనికి మనిషి రాడు, వచ్చినా డబ్బు రాదు.

వీటిలో 1, 2, 4, 7 డిమాండ్లకు పైసా ఖర్చు లేదు. ఒక సర్క్యులర్, ఒక సంతకం చాలు. మొదట అవి చేయండి. 5, 6, 8లకు వచ్చే బడ్జెట్‌లో చోటివ్వండి. మూడోది మేము రేపటి నుంచే మొదలుపెట్టగలం, సర్వర్ గది తాళం ఇప్పిస్తే.

వచ్చే రెండో మంగళవారానికి ముందే రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఒప్పుకోని అంశం ఏదైనా ఉంటే కారణం రాయండి, దానికి వేరే దారి మేమే చూపిస్తాం. జవాబు రాకపోతే, మీ ఆఫీసులో ఎన్ని మెషీన్లు ఎన్ని నెలలుగా ప్యాచ్ లేకుండా ఉన్నాయో ఆ లెక్కను ఆఫీసు పేరు జనం ముందు బయటపెట్టకుండా మీ పై అధికారికి సీల్డు కవరులో పంపుతాం. దాని నకలు ముందు మీ టేబుల్ మీదికే వస్తుంది.

ఇట్లు,
హైదరాబాదు ఆఫీసుల్లో కంప్యూటర్లు, నెట్‌వర్క్‌లు చూసుకునే సిస్టమ్ అడ్మిన్లు, ఫీల్డ్ ఇంజినీర్లు